మా బావ తెచ్చిన జున్నుపాలు

మా బావ లింగస్వామికి మనుషుల సంగతి అంతంతమాత్రం, బర్రెల సంగతి అడగండి, అన్నం మానేసి చెబుతాడు. పానగల్ చుట్టుపక్కల ఊళ్లకు ఆయనే గోపాలమిత్ర. పశువుల డాక్టరు కాదు గానీ, డాక్టరు వచ్చేలోపు ఆదుకునే మనిషి. ఎదకొచ్చిన బర్రెకు సూది వేయాలన్నా, ఈనలేక బర్రె అవస్థ పడుతున్నా ముందు ఆయనకే ఫోను. తనకు కూడా నాలుగు కాళ్లుంటే తననూ ఇంకాస్త బాగా చూసుకునేవాడని మా అక్క అండాలు ఆయన్ని ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడే తప్ప, కాదని మాత్రం అనేవాడు కాదు.

ఒక్క విషయంలో రైతులతో గొడవకు దిగేవాడు. బర్రె ఈనగానే వచ్చే పాలను కొందరు దూడకు వెంటనే తాగనివ్వరు, మాయ పడేదాకా ఆగాలంటారు. ఆగితే దూడ నీరసించిపోతుందని మా బావ తనే దాని మూతిని చన్నుకు అందించేవాడు. ఇంటాయన ఎంత సణిగినా అక్కణ్నుంచి కదిలేవాడు కాదు. దూడ కడుపు నిండాక ఆ ఇంటివాళ్లు ఒక చెంబు జున్నుపాలు ఆయన చేతిలో పెట్టేవారు. మా దగ్గర జున్నుపాలు అమ్ముకోరు, పంచుతారు. అక్క బెల్లం, యాలకులు వేసి జున్ను వండేది. నన్ను అదే ఊళ్లో, వెనక వీధిలోనే ఇచ్చారు కనుక నా గిన్నె వేడిగానే నాకు చేరేది.

కరోనా తగ్గిన ఏడాది అక్కకు రొమ్ములో గడ్డ ఉందని తేలింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషను చేసి, మందు ఎక్కించడం మొదలుపెట్టారు. వాళ్లకు పిల్లలు లేరు. పగలంతా నేనే ఉండేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోపాలమిత్రలకు నల్లగొండలో శిక్షణ పెట్టారు. ఆ తొలిపాలలో లాక్టోఫెర్రిన్ అనే మాంసకృత్తు ఎక్కువగా ఉంటుందని, దూడను రోగాల నుంచి కాపాడేవాటిలో అదొకటని, దాన్ని క్యాన్సరు కణాల మీద కూడా ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారని పాఠం చెప్పిన సారు అన్నాడట. శిక్షణ అంతా దూడల గురించే. మా బావ ఇంటికి మోసుకొచ్చింది మాత్రం ఆ చివరి మాట.

అక్కను మళ్లీ దవాఖానకు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మను అడిగాడు. ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. గాజు గిన్నెలో కణాల మీద పనిచేసినవన్నీ మనిషి ఒంట్లో పనిచేయవని, పాలను మందు అనుకోవద్దని, ఈ చికిత్స నడుస్తున్నప్పుడు పచ్చిపాలు అసలు ముట్టొద్దని, వేడి చేసినవైతే ఇష్టముంటే తాగొచ్చని అంది. ఇంత చెబితే మా బావ చెవిలో పడింది ‘తాగొచ్చు’ అన్న ఒక్క మాట.

జున్నుపాలు మరిగిస్తే గడ్డకడతాయి, గడ్డకడితే వాటి సత్తువ పోతుందని ఆయన భయం. అందుకని వేడినీళ్ల గిన్నెలో పాలచెంబు దింపి, మరగనివ్వకుండా, చాలాసేపు పొయ్యి దగ్గరే కూర్చునేవాడు. అంతకుముందు మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకుని ఎరగడు. ఆ కూర్చోవడం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

బర్రెలు మన అవసరం చూసుకుని ఈనవు కదా. తన ఊళ్లలో ఈనేవి సరిపోక మా బావ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి పెట్టుకున్నాడు. తిరుమలగిరి దాకా పోయేవాడు, పోచంపల్లి వైపు పోయేవాడు. అండాలు కోసమని తెలిశాక రైతులు చెంబు అడిగితే బిందె ఇచ్చారు. పొద్దున పోయి మాపటికి వచ్చేవాడు. వచ్చి పాలు కాచేవాడు, తాగించేవాడు, ఇంకో ఫోను వస్తే మళ్లీ బండెక్కేవాడు.

అక్కకేమో అప్పటికి పోపు వాసన కూడా పడడం లేదు. ఆయన గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే, ఆ చిక్కటి పాలు కళ్లు మూసుకుని తాగేది. బండి వీధి మలుపు తిరిగేదాకా బిగబట్టుకుని, పెరట్లోకి పోయి అంతా కక్కేసేది. నేను వీపు రాసేదాన్ని. వద్దని చెప్పమంటే వినేది కాదు, ఆయనకు చెప్పావంటే ఊరుకోనని నన్నే బెదిరించేది. నాకు ఒళ్లు మండిపోయేది, ఇద్దరి మీదా.

వానలు మొదలయ్యేసరికి రోగం ఊపిరితిత్తులకు పాకింది. ఇక ఇంట్లోనే సుఖంగా ఉంచమన్నారు. ఒకరోజు పొద్దున్నే తిరుమలగిరి నుంచి ఫోను వచ్చింది. మా బావ బండికి క్యాను కడుతుంటే, వసారాలో మంచం మీదున్న అక్క ఆయన్ని పిలిచి చొక్కా పట్టుకుంది.

“ఇయ్యాల పోకు. నా పక్కన జర కూసో,” అంది.

అన్ని నెలల్లో ఆమె ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదలు.

“గిట్ల పోయి గట్లస్త, అండాలు. తొలిసూరు బర్రెనట,” అని చెయ్యి విడిపించుకుని వెళ్లాడు.

పొద్దు గూకే వేళకు పాలతో వచ్చాడు. అప్పటికే అక్కకు మాట పడిపోయింది, మనిషిని గుర్తుపట్టడం లేదు. ఆ తర్వాత ఆయన ఎక్కడికీ పోలేదు, ఫోను మోగినా ఎత్తలేదు. మంచం పక్కనే కూర్చున్నాడు. ఎంత కూర్చుంటే ఏం లాభం, ఆమెకు తెలియనే లేదు. అట్లాగే పోయింది.

దినాలయ్యాక నా కోపం ఆగలేదు. తాగినదంతా కక్కేసేదని మొహం మీదే చెప్పాను. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ మనిషి ఒక్క పూట అన్నం తినకపోతే గిన్నె పట్టుకుని పోయేది కూడా నేనే.

పోయిన ఎండాకాలం అట్లా అన్నం ఇవ్వడానికి పోయినప్పుడు ఆయన దగ్గర ఎల్లేష్ అనే అతను కూర్చుని ఉన్నాడు. పక్క ఊళ్లో ట్రాక్టరు నడుపుతాడు. భార్య ఉమారాణికి అక్కకొచ్చిన రోగమే. జున్నుపాలు మంచివని ఎవరో చెప్పారట, ఎక్కడ దొరుకుతాయో అడగడానికి వచ్చాడు. మా బావ ఆనాడు డాక్టరమ్మ చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. అన్నీ వినే ఉన్నాడన్నమాట. అయినా ఎల్లేష్ కదలలేదు.

“దవాఖాన మందు ఆపకు. గంతగనం కావాలంటె పాలు నేను తెచ్చిస్త. నువ్వు ఇంట్ల ఆమె కాడ కూసో,” అన్నాడు మా బావ.

ఎల్లేష్ తలెత్తలేదు. “కూసోలేకనే వచ్చిన అన్నా. ఆమె మొఖం సూడ శాతనైతలేదు,” అన్నాడు. ఏ ఊళ్లో ఏ బర్రె ఈనేటట్టుందో అడిగి తెలుసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

మా బావ చాలాసేపు ఆ తోవనే చూస్తూ ఉండిపోయాడు. అన్నం చల్లారిపోతోందని నేను విసుక్కున్నాను.

“నేను గూడ గంతే, త్రివేణీ,” అన్నాడు. “పాల కోసం తిరుగుతున్న అనుకున్న. ఇంట్ల ఉండలేక తిరిగిన.”

“అక్కకు ఎరికేనా, బావా?” అని అడిగాను.

“ఎరిక లేకుంటె పడని పాలు గన్ని దినాలు ఎందుకు తాగుతది?” అన్నాడు.