కొబ్బరికాయ కోసం ఆగిన బండ

జహీరాబాద్‌లో టెంటుహౌస్ నడిపే సదాశివకు రెండు నోళ్లు. చాయ్ హోటల్లో ఒకటి, దుకాణంలో ఒకటి. ఎమ్మెల్యే రాజీనామా చేసి, పార్టీ మారి, ఉప ఎన్నికలో మళ్లీ అదే సీటుకు నిలబడ్డాడని తెలియగానే హోటల్లో బల్ల గుద్దాడు.

"ఐదేండ్లకని ఓట్లేస్తే నడిమిట్ల దిగి మళ్ల ఎక్కుతడట! ఈ ఖర్చంత ఎవ్వరిది? మనదే గదా!"

అందరూ తలలూపారు. తను మాత్రం దుకాణానికొచ్చి షామియానాలు దులిపించాడు. ప్రతి పోలింగ్ కేంద్రం ముందూ నీడ కావాలి. సర్కారు బిల్లంటే టెంటువాడికి చేదా?

ఆ సంబరం ఇంటి ముందు మురుగు మోరీ దగ్గర ఆగిపోయింది. మోరీ మీది బండ వానల్లో విరిగినప్పటి నుంచి తల్లి అనంతమ్మ గడప దాటలేదు. అడ్డంగా వేసిన చెక్క మీద నడవడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. అవతలి అరుగు మీద ఎదురింటి బీరమ్మ పక్కన కూర్చుని లోకాన్ని తిట్టుకోవడమే ఆమెకున్న సుఖం. ఇప్పుడు ఇద్దరూ మోరీకి చెరోవైపు నిలబడి గొంతులు చించుకుంటున్నారు.

ఎన్నికల మాట లేనప్పుడే కొత్త బండ మంజూరైంది. మున్సిపల్ ఇంజనీరు మహిధర్ మర్నాడే పని మొదలుపెడతానంటే అడ్డుపడింది సదాశివే.

"ఉత్తగనే ఎట్ల సార్? ఎమ్మెల్యే సాబ్ వచ్చి కొబ్బరికాయ కొట్టాలె. టెంటు నేనేస్త."

షామియానా మీద తన దుకాణం పేరు, దాని కింద ఎమ్మెల్యే పక్కన తన ఫోటో. అంతకంటే గొప్ప ఆలోచనేమీ లేదు ఆ బుర్రలో. ఎమ్మెల్యేకు తీరిక దొరకలేదు. దొరికేసరికి ఆయన ఎమ్మెల్యేనే కాదు. వెనకే ఎన్నికల కోడ్ వచ్చింది.

"మొదలైన పని ఆగది, మొదలుగానిది చెయ్యరాదు," అన్నాడు మహిధర్. "ఆనాడు ఒక్క గడ్డపార ఎయ్యనిస్తే అయిపోతుండె గదనే!"

ఈ సంగతి తల్లికి చెప్పే ధైర్యం సదాశివకు లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

పోలింగ్ రోజు అనంతమ్మ పొద్దున్నే కొత్త చీర కట్టుకుంది. "ఓటెయ్యకపోతే నన్ను సచ్చినోళ్లల్ల రాస్తరు. ఎట్లన్న తోల్కపో."

సదాశివ పెళ్లికొడుకు కుర్చీ తెప్పించి, ఆమెను కూర్చోబెట్టి, బామ్మర్ది వీరప్పతో కలిసి ఎత్తాడు. చెక్క మీద కాలు జారింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. సదాశివ తవ్వనివ్వని చోట పడ్డాడు. కుర్చీని వదలలేదు గానీ, మోరీలో మోకాళ్లదాకా దిగబడ్డాడు. బురద మూతిదాకా చిందింది. గల్లీ అంతా నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది, తనంత గాడిద ఇంకొకడు లేడని.

పోలింగ్ జరిగే బడి ముందు అతని షామియానాయే. దాని కింద, ముసలివాళ్ల కోసం కొత్తగా పోసిన సిమెంటు వాలు. ఓటేసి వచ్చిన అనంతమ్మ దాన్ని కాలితో తట్టి చూసింది.

"మంచిగ పోసిన్రు. ఈ ఎలక్షన్‌కు ఎంత ఖర్చయితదిరా?"

"కోట్లల్ల అయితదమ్మా."

"గన్ని కోట్లల్ల మన మోరీకి ఒక్క బండ రాకపాయె. దాన్ని ఆపినోని నోట్ల మన్నువడ!"

సదాశివ మూతి మీది బురద తుడుచుకున్నాడు.

"వడ్డదమ్మా," అన్నాడు.