స్క్రిప్టులో పనిచేయకూడని అలియాస్

దెయ్యాన్ని చూశామనేవాళ్లను ఎప్పుడు, ఎక్కడ, ఎంత దూరంలో అని అడగడం నా అలవాటు. మూడో ప్రశ్న దగ్గర అందరూ తడబడేవారు. కాకినాడలో ఇరవై తొమ్మిదేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పాను. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

2020 ఫిబ్రవరిలో మూడు నెలలకని జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మా అమ్మాయి సునీత దగ్గరకు వచ్చాను. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపుకి ఆఫీసులో టెర్మిన్ మీద టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్లు, తీసుకుంటూ ఉండిపోయాను.

సునీత అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. బేరింగుల అదురును కొలిచిన 1,146 ఫైళ్లు తన లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ బేరింగులు అరిగిపోయాయి, ల్యాబ్ మూసేశారు. ఫైళ్లు పోతే పీహెచ్‌డీ పోయినట్టే.

అందుకే ఆ లాప్‌టాప్‌లో నేనే ఒక అలియాస్, అంటే కమాండుకు మారు అర్థం, పెట్టాను. 'ఆర్‌ఎమ్' అంటే ఫైలును చెరిపే కమాండ్. అది టైపు చేస్తే, కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాము షెల్ దాని బదులు ఫైలును 'దాచు' అనే ఫోల్డరులోకి జరిపే కమాండును నడుపుతుంది. అయితే ఈ రక్షణ చేత్తో టైపు చేసినప్పుడే. కమాండ్లను స్క్రిప్టుగా రాసి నడిపితే షెల్ అలియాస్‌ను పట్టించుకోదు, నిజంగానే చెరిపేస్తుంది. ఏటా పిల్లలకు ఈ పాఠం చెప్పేదాన్ని.

నవంబరు 17, మంగళవారం, పగలు 11:20. సునీత రోజూ టైపు చేసే ఆరు కమాండ్లను తన శ్రమ తగ్గుతుందని స్క్రిప్టుగా రాశాను. తాత్కాలిక ఫైళ్లను తీసేసే 'ఆర్‌ఎమ్' అందులో ఒకటి. ఫోల్డరు మారడం మరిచి, కొలతల ఫోల్డరులో ఉండగానే నడిపాను. అది ఖాళీ అయింది.

పిలిచి చెప్పాను. సునీత వంటింట్లోంచి వచ్చి చూసి కుర్చీలో కూలబడింది.

"కాపీ ఉందా?"

"ల్యాబుకెళ్లినప్పుడు తీద్దామనుకున్నానమ్మా. ల్యాబేదీ?" నావైపు తిరిగి, "ఈ తప్పుకి పిల్లలకి మార్కులు కోసేదానివిగా, నీకెన్నెయ్యాలిప్పుడు?" అంది.

"సున్నా. లేవే, దాచులో చూద్దాం."

"అక్కడెందుకుంటాయి? ఉండవని నువ్వే చెప్పావుగా."

ఉన్నాయి. లెక్కపెట్టాను. 1,146.

ఆ మధ్యాహ్నమే పరీక్షలు మొదలుపెట్టాను. స్క్రిప్టుల్లో అలియాస్‌ను అనుమతించే సెట్టింగ్ ఆపి ఉంది. కమాండ్ల చరిత్రలో స్క్రిప్టు నడిపిన వరుస, దాని కింద నేను లెక్కపెట్టిన వరుస తప్ప మధ్యలో ఏమీ లేదు. ఉత్తుత్తి ఫైళ్లు తయారుచేసి, అదే స్క్రిప్టును డిసెంబరు 8 దాకా 214 సార్లు నడిపాను. షెల్ కొత్తగా తెరిచి కొన్నిసార్లు, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసి కొన్నిసార్లు. 214 సార్లూ ఫైళ్లు చెరిగిపోయాయి. ఒక్కటీ దాచులోకి రాలేదు.

"దొరికాయిగా, ఇంక వదిలెయ్యమ్మా."

"దొరికినవి అవేనని ఏంటి నమ్మకం?"

ల్యాబులో ప్రతి కొలతకూ గరిష్ఠ విలువను సునీత నోటుబుక్కులో రాసుకుంది. తను చదువుతుంటే నేను ఫైల్లో చూశాను. పదకొండు రోజులు పట్టింది. ఒక్క తేడా లేదు.

డేటాను ఎలా భద్రపరిచారో తీసిస్‌లో రాయాలి.

"ఏం రాయమంటావ్? ప్రభువు కాపాడాడనా?"

"జరిగింది రాయి. పొరపాటున చెరిపే కమాండ్ నడిచింది, ఫైళ్లు వేరే ఫోల్డరులో దొరికాయి, నోటుబుక్కుతో సరిచూశాం, కారణం తెలియదు."

"కారణం తెలియదని పీహెచ్‌డీలో రాస్తారా ఎవరైనా?"

"తెలియనప్పుడు ఇంకేం రాస్తారు?"

అలాగే రాసింది. 2021 మేలో తన ప్రొఫెసర్ ఆ ప్రతి చదివి, చివరి రెండు మాటల కింద పెన్సిలుతో గీత గీశాడు. పక్కనున్న మార్జిన్‌లో ఏమీ రాయలేదు. పీహెచ్‌డీ వచ్చింది.

ఆ మార్జిన్‌లో రాయడానికి నా దగ్గర కూడా ఈ రోజుకీ ఏమీ లేదు.