రెండో సర్వర్‌లోనూ లేని బోటు

2022 జూన్. వేట నిషేధం ముగిసి, ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిన మొదటి వారం. బోటు యజమానుల సంఘం ఒకదానికి నేను వెబ్‌సైట్ చూసేదాన్ని. ప్రతి బోటుకూ ఒక పేజీ, నంబరు కనబడేలా ఒక ఫోటో. సంఘం ఆఫీసు సర్వర్‌లోని ఫోటోలను గంటకోసారి బయటి సర్వర్‌లోకి దానంతటదే కాపీ చేసే సింక్ రాసింది నేనే. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఒకచోట పాడైనా ఇంకోచోట భద్రంగా ఉంటాయని మీటింగులో గొప్పగా చెప్పాను కూడా.

ఆ ఉదయం సంఘం గుమాస్తా సింహాచలం ఫోన్ చేశాడు. ఒక బోటు ఇంజను ఆగిపోయిందట. నిన్న సాయంత్రం ఆ కబురు చెప్పాక వైర్‌లెస్ పలకడం లేదు. అందులో ఆరుగురున్నారు. వెతికేవాళ్ళు బోటు ఫోటో అడుగుతున్నారు. పేజీ తెరిచి చూస్తే ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ.

"ఫోటోలేవయ్యా?"

"అన్ని బోట్లవీ తీసేసినాను మేడం. నిషేధంల బోట్లకి కొత్త రంగులేసినారు. పాత రంగు బొమ్మలెందుకని ఓనర్లు ఒకటే గోల. గంగమ్మకి పూజయ్యాక కొత్తవి తీత్తామన్నారు, ఏటకెళ్ళే హడావుడిల తియ్యనేదు."

"ఈ బోటుకీ రంగు వేశారా?"

"దీనికెయ్యలేదు మేడం."

నా ఖర్మ! రంగు వెయ్యని ఆ ఒక్క బోటే తప్పిపోవాలా?

ఆఫీసుకు పరుగెత్తాను. ఆ బోటు నడిపే సరంగు భార్య ఎల్లమ్మ అక్కడే నిలబడి ఉంది. "రెండు సోట్ల దాసినామన్నారు కదేటమ్మా? ఆ రెండోదాంట్ల సూడు" అంది. ఏం చూడను? సర్వర్ తాను చేసిన పనులన్నీ రాసుకునే లాగ్ తెరిచాను. సింహాచలం ఇక్కడ తీసేసిన గంటలోపే అక్కడా తొలగించినట్టు బుద్ధిగా రాసి ఉంది. మూలంలో లేనిది రెండోచోటా ఉంచొద్దనే డిలీట్ ఆప్షన్ అది. చెత్త పేరుకుపోతుందని పెట్టాను. వేరే బ్యాకప్ కూడా తీయలేదు. ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

"నీలం బోటు, తెల్ల గీత" అని వెతికేవాళ్ళకు నోటిమాటగా చెప్పాం. హార్బర్‌లో సగం బోట్లు నీలమే! చివరికి ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతని సెల్ఫీ దొరికింది. సగం ఆయనగారి పళ్ళు, సగం బోటు. నంబరు మాత్రం స్పష్టంగా ఉంది. అదే పంపాం. మర్నాడు మధ్యాహ్నం వెతకడానికి వెళ్ళిన ఇంకో బోటువాళ్ళు ఆ ఫోటో చూసి గుర్తుపట్టి, తాడు కట్టి లాక్కొచ్చారు. ఆరుగురూ క్షేమంగా దిగారు. ఎల్లమ్మ మొగుణ్ణి తిడుతూనే ఏడ్చింది.

అప్పటిదాకా బిగబట్టుకున్న కోపమంతా సింహాచలం మీద కక్కేశాను. "ఒక్క మాట అడగకుండా ఎలా తీసేశావయ్యా? బుద్ధుందా?"

అతను చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "నాను ఒక్క సోటే తీసినాను మేడం. రెండో సోట తీసింది మీరే గదా" అన్నాడు.

వెళ్ళి సింక్‌లోంచి ఆ డిలీట్ లైను తీసేశాను. కాపీ చెయ్యడం వేరు, దాచిపెట్టడం వేరని పదిహేనేళ్ళ సర్వీసు తర్వాత నేర్చుకున్నాను.