ఆదివారానికి ఒక స్టార్

మా బడిలో బైబిలు పీరియడు నా నెత్తిన పడటానికి కారణం భక్తి కాదు. అది చెప్పే టీచరమ్మ పెళ్ళి చేసుకుని రాయ్‌పూర్ వెళ్ళిపోయింది, ఆ గంటలో నేను ఖాళీగా దొరికాను, అంతే. మేడమ్, మేం హిందువులం కదా అని గుర్తు చేశాను. "మీరు ఇక్కడే చదువుకున్నారు, కథలన్నీ వచ్చు, బస్" అంది మా హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ సికింద్రాబాద్ నుంచి ఆ హిందీ ఊరికి వచ్చిన తెలుగావిడే. మాతో తెలుగు మాట్లాడితే ఎక్కడ లోకువైపోతానోనని మాటకొక హిందీ ముక్క తగిలించేది.

కథలు వచ్చిన మాట నిజమే. తక్కిన పిల్లలు పక్కగదిలో మోరల్ సైన్స్ చదువుతుంటే, మూడో తరగతి క్రైస్తవ పిల్లలు నా దగ్గర కూర్చుని చేప కడుపులో పడ్డ ప్రవక్త కథ నోరు తెరుచుకుని వినేవారు. చెప్పుకోకేం, నాకు ఆ పీరియడు బాగానే ఉండేది.

వాళ్ళలో ఒక గూడ్సు డ్రైవరు కూతురు ఉండేది. బక్కపలచని పిల్ల, కానీ గొంతు విప్పి హిందీ బైబిలు చదివిందంటే వరండాలో పోయేవాళ్ళు ఆగేవారు. ఒకరోజు సృష్టి పాఠం చెబుతూ, ఏడోరోజు దేవుడు ఏం చేశాడని అడిగాను.

"రెస్ట్ తీసుకున్నాడు టీచర్" అంది.

"ఎందుకు తీసుకున్నాడు?"

"కంట్రోల్ వాళ్ళు ఇచ్చుంటారు."

ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఎప్పుడు దిగి ఇంటికి పోవచ్చో చెప్పే ఆఫీసు అది. దేవుడి పైన కూడా ఒక కంట్రోల్ ఉంటుందని ఆ పిల్లకి గట్టి నమ్మకం. నేను నవ్వాపుకోలేకపోయాను.

"మరి మీ ఇంట్లో ఆదివారం ఏం చేస్తారే?"

"నాన్నకి రెస్ట్ వచ్చిన్రోజే మా సండే టీచర్. ఈ వారం బుధవారం వచ్చింది. అమ్మ ముర్గా కూర వండింది. నాన్న ఒక పేజీ చదివాడు, నేనొక పేజీ చదివాను, తర్వాత ప్రేయర్ చేశాం."

నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మా నాన్న రైల్లో గార్డు. మా క్వార్టర్‌లో వినాయక చవితి పంచమినాడు చేసుకున్న సంవత్సరాలున్నాయి, దీపావళి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన సంవత్సరమూ ఉంది. నాన్న లేకుండా చేస్తే అది పండగని మాకెవరికీ అనిపించేది కాదు. ఊళ్ళో వాళ్ళు ముందే చేసేసుకున్నారని మా వినాయకుడు ఏనాడూ అలిగి వెళ్ళిపోలేదు.

కానీ మా హెడ్‌మిస్ట్రెస్‌కి దేవుడి విషయంలో అంత ధైర్యం లేదు. ఆ దసరా సెలవుల తర్వాత ఆవిడ నా గది గోడకి ఒక చార్టు అంటించింది. అందులో పిల్లల పేర్లు, పేర్ల పక్కన గళ్ళు. ఆదివారం చర్చికి వెళ్ళిన పిల్లకి సోమవారం ఆ గడిలో ఒక బంగారు స్టార్. క్రిస్మస్ దాకా ఒక్క స్టారూ తప్పనివాళ్ళలోంచే, పండగ ఆరాధనలో పాస్టరుగారి ముందు, కమిటీ పెద్దల ముందు వాక్యం చదివే పిల్లని ఎంచుతారట. ఆ స్టార్ల ప్యాకెట్లు సదర్ బజార్‌లో రాఖీలమ్మే కొట్లో దొరుకుతాయి. ఆవిడ వాటిని తాళం వేసిన సొరుగులో పెట్టుకుని, మోక్షమంతా అందులోనే ఉన్నట్టు లెక్కపెట్టి నా చేతికిచ్చేది.

రెండో వారానికే పిల్లలు అబద్ధాలు నేర్చుకున్నారు. నేర్చుకోరూ మరి? దాంతో ఆవిడ రుజువు అడిగింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చర్చి ముందు నిలబెట్టిన ఫొటో పెట్టాలి. ఇక ఆదివారాల్లో ఆ గేటు ముందు చూడాలి తమాషా. కార్లు ఆగేవి, ఇస్త్రీ ఫ్రాకులు దిగేవి, ఫొటో అయ్యేది, లోపల పాట మొదలయ్యేలోపే కార్లు మాల్ దారి పట్టేవి. ఒక కాంట్రాక్టరుగారి అబ్బాయికి అన్ని స్టార్లూ వచ్చాయి. ప్రసంగం దేని గురించిరా అని అడిగితే చర్చి బయట పానీపూరీలమ్మే గుప్‌చుప్ బండివాడి గురించి చెప్పాడు.

డ్రైవరు కూతురి గళ్ళు మాత్రం ఖాళీ. తండ్రి లైన్లో ఉంటాడు, తల్లి పక్కమీదున్న అత్తగారిని వదిలి కదల్లేదు, చర్చి చూస్తే ఊరికి అటు చివర. ఆ పిల్ల వాక్యం తనే చదవాలని కలలు కంటోంది. గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూత వచ్చే ఘట్టం చూడకుండా అప్పజెప్పేది. నేను ఉండబట్టలేక హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాను.

"ఆ పిల్ల ఇంట్లో తండ్రితో కూర్చుని ప్రార్థన చేస్తోంది మేడమ్. బాగా చదివే పిల్ల చేత చదివించండి."

"బుధవారం నాడా?" అంది ఆవిడ, కళ్ళజోడు పైనించి చూస్తూ. "ఆజ్ ఈ పిల్లకి బుధవారం, రేపు ఇంకొకళ్ళకి శుక్రవారం. రూల్ అంటే రూల్. అయినా ఇది మా మతం విషయం, మీకు తెలీదు."

పీరియడు అంటగట్టినప్పుడు అడ్డురాని మతం అప్పుడు అడ్డొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అలాంటి మనిషితో వాదించడం కూడా దండగని లేచి వచ్చేశాను.

ఆవిడే ఆ పిల్ల తల్లిని పిలిపించి రూలు చెప్పింది. ఇక ముందు ఒక్క ఆదివారం తప్పకపోతే పోనీ చూస్తానని ఔదార్యం కూడా ఒలకబోసింది. తల్లి పక్క క్వార్టర్ వాళ్ళ ఆటోలో పిల్లని పంపడం మొదలుపెట్టింది. స్టార్లు పడ్డాయి. క్రిస్మస్ ముందు ఆదివారం తండ్రికి సరిగ్గా ఆరోజే రెస్ట్ దొరికింది. కర్గీ రోడ్ స్టేషన్లో బండి తెల్లవార్లూ ఆపేస్తే, పొద్దున్న ఆయన ఇంటి మెట్లెక్కే వేళకి పిల్ల ఆటో ఎక్కుతోంది. పిల్ల తిరిగొచ్చేసరికి ఆయన నిద్రపోయాడు, లేచేసరికి మళ్ళీ డ్యూటీకి పిలుపొచ్చింది. సోమవారం పిల్ల నా ముందు నిలబడి, చెయ్యి చాపి స్టార్ అడిగి తీసుకుంది.

పండగ ఆరాధనలో ఆ పిల్లే చదివింది. ఎంత బాగా చదివిందో చెప్పలేను. పాస్టరుగారు తల నిమిరారు. హెడ్‌మిస్ట్రెస్ నావైపు తిరిగి, "దేఖా? డిసిప్లిన్" అంది. తండ్రి ఆవేళ బొగ్గు బండి మీద ఉన్నాడు.

కొత్త సంవత్సరం వచ్చాక ఒకరోజు సదర్ బజార్‌లో ఆ తల్లి ఎదురైంది. పిల్ల బాగా చదివిందమ్మా అని మెచ్చుకున్నాను. ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఏటి సదువో టీచరమ్మా. మొన్న బుధవారం ఆళ్ళ నాన్నకి రెస్టొచ్చింది. బైబిలు తీసి, రాయే అమ్మా, నీ పేజీ నువ్వు సదువు అన్నాడు. ఈయేళ స్టార్ లేదు కదా నాన్నా, దేనికి అనీసి టీవీ కాడికి ఎల్లిపోనాది."

"మరి ఆయన ఏమన్నాడు?"

"ఏటంటాడు? దాని పేజీ కూడా ఆయనే సదివీసి, తొంగున్నాడు."