మూడో బొమ్మ

తడిసిన తోలు వాసన. ఐర్లండ్‌లో, నేస్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో, గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరేసిన మా బాబాయి కెమెరా తొడుగుది. పొద్దున తుఫానులో విక్లో కొండలెక్కి, నడుములోతు మంచులో నిలబడి, కింద తాటిచెట్టంత లేస్తున్న సముద్రాన్ని ఫొటోలు తీసొచ్చాను. సరే, మంచు చీలమండ దాకానే. నిలబడింది కూడా కారు పక్కనే, అల్లుడు హారన్ కొడుతుంటే. తొడుగులో ఉన్నది ఫోను.

ఈ వాసన తగిలితే చాలు, భీమిలిలో కొండవాలున మా పెంకుటిల్లు, వారాల తరబడి వదలని కార్తీకపు ముసురు, దండెం మీద ఆరని బట్టల ముక్కవాసన, కుంపట్లో అమ్మ కాల్చే తేగలు, వాటి కోసం నేనూ నాలుగేళ్ల మా చెల్లెలు పైడీ పడే కొట్లాట, అన్నీ ఒక్కసారి ముందుకొస్తాయి. బాబాయికి ఊళ్లో ఫొటో స్టూడియో ఉండేది. డబ్బా కెమెరాలో రీలుకి పన్నెండు బొమ్మలు. పన్నెండూ నిండితేగానీ కడిగేవాడు కాదు. సగం రీలు కడగడమంటే సగం ఉడికిన అన్నం దించడమేననేవాడు. ఆ దీపావళికి, అమ్మ పాత పట్టుచీరతో కుట్టిన ఆకుపచ్చ పరికిణీలో, నూనె కారే జడలతో, ఆరిపోయిన మతాబా పట్టుకుని నిలబడ్డ పైడి ఆ రీల్లో మూడో బొమ్మ.

తర్వాత తుఫాను వచ్చింది. గెడ్డ పొంగి వీధులు ముంచేస్తే, బాబాయి కొండ మీంచి ఆ వరదనూ, కూలిన ఇళ్లనూ తీసి రీలు నింపాడు. స్టూడియోలో కడిగే మందు నీళ్లపాలైంది, విశాఖ రోడ్డు తెగిపోయింది. నీళ్లు తీసిన వారానికి పైడికి జ్వరమొచ్చి మూడ్రోజుల్లో పోయింది. దానికి ఇంకో ఫొటో లేదు.

అమ్మ అన్నం మానేసి గూట్లో కెమెరాకేసి చూస్తూ కూర్చునేది.

"నా పిల్ల బొమ్మ ఎప్పుడొస్తాది, అబ్బాయీ?"

"రోడ్డు పడనీ వదినా, మందు తెస్తాను. నీ పిల్ల డబ్బాలో భద్రంగా ఉంది."

ఆ కెమెరాలోకి వరద నీళ్లు పోయాయని ఇక్కడి తెలుగువాళ్లకి ఎన్ని విందుల్లో చెప్పానో. కెమెరాని నెత్తిన పెట్టుకుని గెడ్డ ఈదానని కూడా కలిపేవాణ్ని. నాకు ఈత రాదు. నీళ్లూ పోలేదు. వెలుతురు సోకితే రీలు పాడవుతుందని తెలియని తొమ్మిదేళ్లవాణ్ని, అమ్మకి పైడిని చూపిద్దామని పట్టపగలు పెరట్లో కెమెరా వెనక తలుపు తీసి, రీలు బారెడు విప్పి వెతికాను. ఏమీ కనబడకపోతే మళ్లీ చుట్టి పెట్టేశాను.

రోడ్డు పడ్డాక బాబాయి కడిగితే రీలంతా బొగ్గులా వచ్చింది. "చెమ్మ తగిలినట్టుంది వదినా" అన్నాడు. అమ్మ అడిగింది ఒక్కటే, "మూడోది ఏదీ?" ఆ నల్లముక్క కత్తిరించి తన పసుపు డబ్బా అడుగున పెట్టుకుంది. అమ్మ పోయేదాకా అది అక్కడే ఉంది, నేను చెప్పనూ లేదు.

ఇందాక మనవరాలు నా ఫోను తీసుకుని, "స్టోరేజ్ ఫుల్, తాతా. జస్ట్ డిలీట్ సమ్, ఇట్ విల్ బీ గ్రాండ్" అంది. నేను ఒక్కటీ తీసేయనివ్వలేదు. ఎందుకని అడిగితే, ఇన్నేళ్లకి, దానికి చెప్పాను. అంతా విని, "వాట్ డిడ్ షీ లుక్ లైక్?" అంది.

పెద్దపెద్ద కళ్లు, సొట్టబుగ్గలు అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ కొండవాలు ఇల్లు లేదు, స్టూడియో లేదు, చెల్లెల్ని చూసినవాళ్లలో నేనొక్కణ్నే మిగిలాను. పరికిణీ గుర్తుంది, నూనె కారే జడలు గుర్తున్నాయి, మతాబా గుర్తుంది. మొహం దగ్గరికొచ్చేసరికి ఆ నల్లముక్కే.