చెరి సగం

ఒబొక్ రేవు దగ్గర తుమ్మచెట్ల కింద మనుషులు పడవ కోసం కాచుకుని ఉంటారు. ఎదురుగా సముద్రం. అవతల యెమెన్. ఆరేళ్లుగా లెలిసే ఆసుపత్రి తరఫున ఆ చెట్ల మధ్యే పని చేస్తోంది. వాళ్లకు తాగడానికి నీళ్లు పోస్తుంది, పుండ్లు కడుగుతుంది, కండోమ్‌లు పంచుతుంది, హెచ్‌ఐవీ పరీక్షకు వేలి నుంచి రక్తపు చుక్క తీస్తుంది. ఆమె కూడా పడవ కోసం వచ్చినదే. చోటు ఒక్కటే దొరికింది. ముందు నువ్వెళ్లు అని భర్త ఇబ్సాను పంపింది.

హెచ్‌ఐవీ మందు వాడేవాళ్ల కోసం ఆమె చేసే పని ఇంకొకటి ఉంది. సీసాలో మాత్రలు గలగలమంటాయి. దళారీ వింటే జబ్బు మనిషని పడవ ఎక్కనివ్వడు. అందుకని మాత్రల్ని ప్లాస్టిక్‌లో చుట్టి, బట్టల నడుంపట్టీలో పెట్టి కుట్టేస్తుంది.

ఆ మధ్యాహ్నం దిరిబే అనే అమ్మాయి తెచ్చిన మాత్రలు మూడు నెలలకు సరిపోవాలి. సగమే ఉన్నాయి.

"మిగతావేవి చెల్లీ?"

"అంతే అక్కా."

"మీ హరార్‌లో దుమ్ములగొండ్లు మాత్రలు కూడా తింటున్నాయా?"

దిరిబే నవ్వింది. తర్వాత చెట్టుకు ఆనుకుని కూర్చున్న మనిషిని చూపించింది. "మా ఆయన అలియీ. లారీలో చప్పుడవుతోందని తన సీసా పారేశాడు. నావి చెరి సగం చేసుకున్నాం. రోజుకు సగం మాత్ర."

లెలిసే సూది పక్కన పెట్టింది. ఇబ్సా కూడా వెళ్లేముందు తన మాత్రల్లో సగం ఆమె సీసాలోకి ఒంపాడు. ఇక్కడ మందు దొరుకుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు. ఎనిమిది నెలలు ఫోన్ చేశాడు. చివర్లో మాటకన్నా దగ్గే ఎక్కువ వినిపించేది. తర్వాత అదీ లేదు.

లేచి అలియీ దగ్గరికి వెళ్లింది.

"ఆసుపత్రికి వచ్చి పేరు రాయించుకో తమ్ముడూ. నీకూ ఇస్తారు."

"మా ఊరివాళ్లు చూస్తారక్కా."

"కాలికి పుండని చెప్పు."

"సగం చాలదా?"

"చాలదు. జబ్బు ఆ మందుకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత పూర్తి మాత్రకూ లొంగదు. నీకే కాదు, ఆ పిల్లకీ."

అతను తన ఊరివాళ్లు కూర్చున్న వైపు చూశాడు.

"మా ఆయన కూడా నా మీద ప్రేమకొద్దీ సగం చేశాడు," అంది.

అలియీ దిరిబే వైపు చూశాడు. తర్వాత లేచి కుంటడం మొదలుపెట్టాడు.

"ఏ కాలో గుర్తుపెట్టుకో," అంది లెలిసే.

పొద్దు వాలేలోపు రెండు పట్టీలూ కుట్టింది. అందరూ ఒడ్డుకు దిగుతుంటే దిరిబే వెనక్కి వచ్చింది.

"ఆయన పేరు చెప్పక్కా. అక్కడ అడిగి చూస్తాం."

అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. అందుకే ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

"ఇబ్సా," అంది. "పొడుగ్గా ఉంటాడు. ఎడమ చెవి కింద మచ్చ. ఇప్పుడు బాగా చిక్కిపోయి ఉంటాడు. మచ్చ చూసి పోల్చుకోండి."