వెనక బుష్‌లు, పక్క సీటు

ఊరు ఊరంతా ఆయన బస్సెక్కింది. ఇంటావిడ మాత్రం ఆయన కారెక్కనని భీష్మించుకు కూర్చుంది.

బస్సు డ్రైవరుగా రిటైరైన నెలలోనే ఆయన పాత స్పోర్ట్సు కారొకటి ఇంటికి తెచ్చాడు. ఎర్ర రంగు, రెండే సీట్లు, వయసులో ఇంచుమించు ఆయనంత. ఇరుగుపొరుగు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ, ఆయన లెక్క ఆయనది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వెనక బస్సెడు జనం కూర్చున్నారు గానీ పక్కన కూర్చున్నవాళ్ళు లేరు. ఇన్నాళ్ళకు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, నోరారా కబుర్లు చెప్పుకుంటూ షికారు కొట్టాలని ఆయనకు మహా కోరిక.

మొదటి షికారు మొదటి మలుపుతోనే ముగిసింది. కారు ముందు భాగం కుడికి తిరిగితే, వెనక భాగం కాసేపు ఆలోచించుకుని గానీ తిరగలేదు. ఆవిడ కారాపించి, దిగి, చక్కా నడిచి ఇంటికొచ్చేసింది. "దాని వెనక చక్రాలు మీ మాట వినేదాకా నన్ను పిలవకండి" అని తేల్చి చెప్పింది.

తప్పు బుష్‌లది. వెనక చక్రాలను పట్టి ఉంచే ఇనుప కడ్డీల కీళ్ళలో రబ్బరు బుష్‌లుంటాయి. అవి అరిగి, బీటలు వారి, నలిపితే పొడైపోతున్నాయి. ఆయన కొత్తవి తెప్పించి, బావమరిదిని సాయానికి పిలిచాడు. బావమరిది ప్లంబరు. చేతిలో స్పానరుంటే చాలు, లోకంలో దేన్నైనా బిగించగలనని అతగాడి ధీమా.

షెడ్డులో రిపేర్ల కోసం తవ్విన గోతి మీదకు కారును తెచ్చి, పైకెత్తి, స్టాండ్ల మీద నిలబెట్టారు. పాత బుష్‌లు మొండికేశాయి. వాటిని ఊడగొట్టేసరికి బావాబావమరుదులిద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. కొత్తవాటికి సబ్బునీళ్ళు రాసి కీళ్ళలోకి నెట్టారు.

"గిన్నెలు తోమే సబ్బు ఏదిరా?" అంటూ ఆవిడ షెడ్డు దాకా వచ్చింది.

"కారు తినేసిందక్కా" అన్నాడు తమ్ముడు, కింద గోతిలోంచి.

బోల్టులన్నీ బిగించి కారును దించారు. ముందు భాగం బుద్ధిగా దిగింది. వెనక భాగం మాత్రం నేనింతే అన్నట్టు ఎత్తులోనే ఉండిపోయింది.

"చక్రాలు వేలాడుతుండగానే గట్టిగా బిగించేశావా?" అన్నాడు ఆయన.

"చుక్క కారకూడదని బిగించా బావా."

"ఇందులో నీళ్ళెక్కడివిరా?"

"లేవనుకో. చెయ్యి అలవాటు."

బిగించినప్పుడు ఎలా ఉంటే ఆ రబ్బరు అలాగే ఉండాలని చూస్తుంది. కారు నేలమీద నిలబడి, మనుషులు కూర్చున్నాక బిగించాలి. లేకపోతే కొత్త రబ్బరు మెలిపడి నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది. అంటే బోల్టులు వదులు చేయాలి, ఇద్దరు కూర్చోవాలి, మూడోవాడు గోతిలోంచి మళ్ళీ బిగించాలి.

"పక్క సీట్లో సిమెంటు బస్తా పెడదాం బావా."

"షికారుకు బస్తాను తీసుకెళ్తానట్రా?" అని ఆయన వంటింట్లోకి నడిచాడు. గుమ్మంలో కాసేపు తచ్చాడాడు.

"కారు కదలదు. ఇంజను ముట్టుకోను. ఊరికే కూర్చుంటే చాలు."

ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసింది. గ్రీజు ముక్కు దాకా అంటింది. నవ్వు దాచుకుని, చేతులు తుడుచుకుని, వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంది.

"కదలకండి, బరువు మారుతుంది" అని కిందనుంచి ఆజ్ఞ వచ్చింది. ఇద్దరూ ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. నోరారా మాట్లాడాలనుకున్న మనిషికి ఒక్క మాటా తోచలేదు. ఆవిడే మొదలుపెట్టింది.

"మీ బస్సెక్కినప్పుడల్లా మీ వెనక సీటే పట్టేదాన్ని. మెడ తప్ప ఏమీ కనపడేది కాదు."

"పలకరిస్తే పలికేవాణ్ణిగా."

"డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డుండేదిగా."

ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ ఆ కోరిక తనొక్కడిదే అనుకున్నాడు. తుడుచుకుందామంటే కదలకూడదాయె.

"అయిపోయిందక్కా, ఇక దిగొచ్చు" అన్నాడు తమ్ముడు.

ఆవిడ దిగలేదు. బెల్టు లాగి పెట్టుకుంది.

"ముందు వాణ్ణి గోతిలోంచి పైకి రమ్మనండి" అంది. "ఆ మలుపు దాకా వెళ్ళొద్దాం. అక్కడ మళ్ళీ వంకర్లు పోయిందా, నేను దిగి నడిచొచ్చేస్తా. ఈసారి మీరూ నాతో నడవాలి."